ప్లాట్లు వాళ్లవి, బడి ఎవరిది?

(పిడుగురాళ్ల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పిడుగురాళ్ల అంటే లోకానికి సున్నం. మనకి మాత్రం బట్టీల కాడ దగ్గుతూ పనిచేసిన అమ్మానాన్నలు. సున్నంతో పగిలిన ఆ చేతులే మాకు పలక కొనిచ్చినయి. హాస్టల్లో ఉండి చదివి, ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చి పంతుళ్లమయ్యాం. అందుకే బడి మాట ఎత్తితే మాకు అది ఉపన్యాసం కాదు, ఇంటి సంగతి.

ఇప్పుడు రోడ్డెక్కితే ఏం కనపడుతోంది? మిరప, పత్తి పండిన చేలల్లో తెల్లరాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు. మొన్న మేం నలుగురం ఒక వెంచర్ కాడికి పోయాం. అక్కడి కుర్రాడు రంగుల కాగితం చేతిలో పెట్టాడు. పార్కు, గుడి, ఒక మూల ‘స్కూలు’ అని పచ్చ ముక్క. “ఆ బడి ఎవరు కడతారు బాబూ?” అన్నాం. “ఏదో ఒక ప్రైవేటు స్కూలు వస్తది సార్, బేరం నడుస్తోంది” అన్నాడు. సర్కారు బడి కాదా అంటే నవ్వాడు. ఆ నవ్వు గురించే మీతో మాట్లాడదామని వచ్చాం.

లేఅవుట్ వేసేవాడు 10 శాతం స్థలం ఉమ్మడి అవసరాలకు విడిచి, పంచాయతీకో మునిసిపాలిటీకో గిఫ్టు డీడు రాసివ్వాలి. అది వాడి దయ కాదు, చట్టం. రోడ్లు, కాలవలు వెయ్యాలని షరతులున్నాయి. మామూలు లేఅవుట్‌కి బడిగది కట్టివ్వాలనే షరతు మాత్రం పెట్టలేదు. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం గదా. లైబ్రరీకి ఉన్న దారి బడికి ఎందుకు ఉండకూడదు? గజం ఇన్ని వేలకు అమ్ముకునేవాడు గజానికి ఇంతని బడికి కడితే వాడి కొంప మునుగుతుందా?

ఇది మేం కలగన్న మాట కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 1986 చట్టం నుంచి కొత్త ఇళ్లు కట్టేవాళ్ల దగ్గర స్కూలు డిస్ట్రిక్టు చదరపు అడుగుకు ఇంతని రుసుం వసూలు చేసుకోవచ్చు. స్కూలు డిస్ట్రిక్టు అంటే ఆ ప్రాంతం బడులు నడిపే సంస్థ. కట్టినట్టు కాగితం చూపకపోతే ఇల్లు కట్టే పర్మిషనే రాదు. కొన్నిచోట్ల ఇద్దరూ ఒప్పందం చేసుకుని బడి స్థలమో, కట్టిన బడో అప్పగిస్తారు. ఇంగ్లండులో 1990 చట్టం 106వ సెక్షన్ కింద ఇలాంటి ఒప్పందాలే చేసుకుంటారు. అక్కడి బిల్డర్లు ధర్మరాజులని కాదు. ఇళ్లొస్తే పిల్లలొస్తారు, పిల్లలొస్తే బడి కావాలి, ఆ ఖర్చంతా పాత ఊరిమీద పడెయ్యగూడదని లెక్క. ఆ ఖర్చు కొనేవాడి నెత్తిన రుద్దుతారనే గొడవ అక్కడా ఉంది. 1998లో చేసిన చట్టం ఇంతకు మించి అడగరాదని గీత కూడా గీసింది. అయినా అడిగే హక్కు ఉంది. మనకి అదీ లేదు.

మరి మన సర్కారే 2020 డిసెంబరు 25న ఇళ్ల పట్టాలు మొదలుపెట్టి పెద్ద పెద్ద కాలనీలు గీసింది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. మనవాళ్లు ఎందరో అక్కడికి పోయారు. కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలని విద్యాహక్కు చట్టం కింద మన రాష్ట్రం నియమం రాసుకుంది. గీత గీసిన రోజే బడి జాగా గియ్యొద్దా? అది పోనిచ్చి 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని పల్లె బడుల నుంచి హైస్కూళ్లకు లాగారు. 2025లో ఆ జీవో తీసేశారు, సంతోషం. కానీ మేం చూసిన పల్లె బడుల్లో ఆటోలెక్కి పోయిన పిల్లలు మళ్లీ వెనక్కి రాలేదు.

ఇంకో సంగతి. మన పెద్దలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మగూడదని 1977 చట్టం కాపలా కాసింది. 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023లో సవరణ చేశారు. అవసరమున్నవాడు అమ్ముకుంటాడు, తప్పుబట్టం. ఒక అవ్వ మాతో అన్నమాట చెబుతాం: “సారూ, నా చేలో బడి కడితే నా మనవడికి ఫీజేంది?” జవాబు చెప్పలేక తలకాయ వంచుకున్నాం.

కాబట్టి బిల్డరు బడి కడతానంటే చప్పట్లు కొట్టి ఊరుకోవద్దు. ఆ జాగా ఎవరి పేర రిజిస్టరవుతుంది? విద్యాశాఖ పేరనా, కంపెనీ పేరనా? సర్కారు పంతులొస్తాడా? బడి గేటు రోడ్డు మీదికి ఉంటుందా, వెంచర్ లోపల వాచ్‌మన్ ఉన్న గేటు వెనక ఉంటుందా? లోపల పెడితే ఊరు వేరు, పల్లె వేరు అన్న పాత కథే, గోడ మాత్రం సిమెంటుది. మాలపల్లె పిల్లలు, మాదిగపల్లె పిల్లలు ప్లాటు కొన్నవాడి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. అది ఒప్పందంలో రాసి ఉండాలి, నోటిమాట చెల్లదు. కొత్త బడి చూపించి పల్లె బడి మూసెయ్యమని కూడా రాయించుకోవాలి.

వచ్చే సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వబోతున్నాం. మీ ఊరి చుట్టూ ఎన్ని లేఅవుట్లు పడ్డాయో, ఆ 10 శాతం జాగాలో ఇప్పుడేముందో రాసుకురండి. పార్కు అని ఉన్నచోట దూడల్ని కట్టేసినా, ఎవడన్నా షెడ్డు వేసినా అదే రాయండి. లేఅవుట్ ప్లాను నకలు పంచాయతీలో ఇవ్వనంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టి అడగండి, ఊరి స్థాయిలో ఆ అర్జీకి ఫీజు లేదు. రాయటం రానివాళ్లకి రేపు సాయంత్రం నుంచి మేం బడి అరుగు మీద కూర్చుని రాసిపెడతాం.

జై భీం.