వీణయు శ్రుతియు: గ్రీకు తత్త్వమున ఆత్మ, దేహము
(సంఘము వారి సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగము)

 

దినమంతయు దస్త్రములతో గడుపు మనకు సాయంకాలమున ఆత్మవిచార మేల యని కొందరికి తోచవచ్చును. నా కీ విషయము మొదట గ్రంథములనుండి రాలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా తండ్రిగారికి పక్షవాతము సోకి కుడిచేయి, మాట పడిపోయినవి. జీవితమంతయు బడిపిల్లలకు పద్యములు చెప్పిన ఆయన నా పేరు పలుకబోయి, పలుకలేక కంట తడి పెట్టెడివారు. నాయనగారు లోపల చెక్కుచెదరక యున్నారా, లేక దేహముతోపాటు తామును కొంచెము కొంచెముగా పోవుచున్నారా? ఆ మంచము ప్రక్కన నన్ను బాధించిన ప్రశ్న యిది. గ్రీకులును దీనినే పలువిధముల విచారించిరి.

హోమరు కావ్యములలో ఆత్మ యనగా మరణకాలమున దేహమును విడిచిపోవు ఊపిరివంటిది. పాతాళమున అది సత్తువలేని నీడగా మిగులును. మృతులందరికి రాజగుటకంటె భూమిపై పేదవాని యొద్ద కూలిగా నుండుట మేలని అచట అకిలీసు వాపోవును. తరువాత పైథాగొరసు అనుయాయులు ఆత్మ జన్మజన్మాంతరములు పొందునని బోధించిరి. దేహమే ఆత్మకు సమాధి యను భావమును గ్రీకులలో వ్యాపించినది. వారి భాషలో దేహమునకు ‘సోమ’, సమాధికి ‘సేమ’ యని పేర్లు. ఆ రెండు మాటల పోలికయే వారి యూహకు ఊతమైనది.

క్రీ.పూ. 399లో ఏథెన్సు చెరసాలలో సోక్రటీసు విషపానము చేసిన దినమును ప్లేటో ‘ఫీడో’ అను సంవాదమున చిత్రించెను. మరణమనగా ఆత్మ దేహమునుండి విడివడుటయే యని సోక్రటీసు చెప్పుచుండగా, సిమ్మియసు అను యువకుడు ఒక శంక తెచ్చెను. లైరు అను తంత్రీవాద్యమును చక్కగా మేళవించినపుడు పుట్టు శ్రుతి కంటికి కానరాదు, అతిసుందరము. కొయ్యయు తంత్రులును జడపదార్థములు. అయినను వాద్యము పగిలిన పిదప కొయ్య కొంతకాలముండును గాని, శ్రుతి తత్‌క్షణమే పోవును. ఆత్మయు దేహమునకు అట్టి శ్రుతియే యైనచో? నాయనగారి మంచమువద్ద నాకు కలిగిన భయ మిదియే.

అతని మిత్రుడు కీబీసు మరొక ఉపమానము చెప్పెను. సాలెవాడు పెక్కు వస్త్రములు నేసి, కట్టి, చించును. కాని కడపటి వస్త్రము అతనికంటె ఎక్కువకాలము నిలుచును. ఆత్మ పెక్కు దేహములను ధరించినను, చివరి దేహముతో తానును నశింపవచ్చును గదా యని యతని యాక్షేపము. గీతలో ఆత్మనిత్యత్వమును బోధించుటకు వచ్చిన వస్త్రోపమానమే ఇచట సంశయమునకు సాధనమగుట గమనింపదగినది.

ఈ శంకలతో అందరు క్రుంగిపోయిరి. మరణము ముంగిట నున్న సోక్రటీసు మాత్రము కోపింపక, వాదములు విఫలమైన వని వాదమునే ద్వేషింపరాదని హెచ్చరించి, సమాధానము చెప్పెను. శ్రుతి వాద్యము ననుసరించును గాని దానిని శాసింపదు. ఆత్మయో, దాహము గొన్నవానిని సయితము త్రాగకుండ నిలుపగలదు. కావున ఆత్మ శ్రుతి కాదు.

‘ఫీడ్రసు’లో ప్లేటో ఆత్మను రథముగా వర్ణించెను. కఠోపనిషత్తున దేహము రథము, ఆత్మ రథి. ప్లేటో ఉపమానమున సారథియు, రెండు గుఱ్ఱములును కలిసి ఆత్మయే. అనగా కలహము ఆత్మదేహములకు నడుమనే కాక, ఆత్మలోపలనే కలదు.

ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఈ విభజనమునే ప్రశ్నించెను. మైనమును దానిపై ముద్రయు ఒకటియా, వేరా యని అడుగుట యెంత వ్యర్థమో, ఆత్మదేహముల గూర్చి యట్లడుగుటయు నంతే యనెను. కన్ను ప్రాణియైనచో చూపు దాని ఆత్మ యగును. ఆత్మ జాలిపడును, ఆలోచించును అనుటకంటె, మనిషి ఆత్మతో ఆ పనులు చేయుననుట మేలని యతని మతము. ఎపిక్యూరసు మరింత దూరము పోయి, ఆత్మయు సూక్ష్మపరమాణు సముదాయమే యనియు, మరణమున అది చెదరిపోవుననియు చెప్పెను.

అరిస్టాటిల్ మాటలలో నాకు ఉపకరించినది వేరొకటి. ముదుసలికి యువకుని కన్ను వంటిది లభించినచో అతడు యువకునివలెనే చూచునట! వార్ధక్యము ఆత్మకు కలిగిన వికారము కాదు, అది యున్న దేహమునకు కలిగినది. మత్తును, రోగమును అట్టివే.

ఒకనాడు నాయనగారికి పద్యము చదివి వినిపించుచు పొరపాటున ఒక గణము విడిచితిని. ఆయన కనుబొమలు ముడిచి, ఎడమచేతితో మంచపుపట్టెను తట్టిరి. మరల సరిగా చదువువరకు తట్టుట మానలేదు. పలుకు సాధనము చెడినది. తప్పు పట్టిన గురువు అచటనే యుండెను.

ఇది ఆత్మ అమరమనుటకు నిదర్శనము కాదు. కన్ను పూర్తిగా నశించిన పిదప చూపు మిగులునని అరిస్టాటిల్ చెప్పలేదు. బుద్ధి విషయమున మాత్రమే అట్టి యవకాశమును విడిచెను. మరణానంతరము సంగతి సోక్రటీసు నమ్మకముతో చెప్పెను. నే నంత నమ్మకముతో చెప్పజాలను. కాని మాటపడినవారి యెదుట, వారు లేనట్లుగా మనము మాటలాడుకొనరాదని మాత్రము నేర్చుకొంటిని. ఆనాటినుండి నాయనగారి కడపటి దినమువరకు ప్రతి సాయంకాలమును ఒక పద్యము చదివితిని.