ముందు నడిచిన పోలీసు కథ ఎవరు రాస్తరు?

(చింతపల్లి సభల చేసిన ప్రసంగ పాఠం)

మేము తెలంగాణ నించి వచ్చినం. మా దిక్కు దొర అంటే గడీ, వెట్టి యాదికొస్తయి. ఇక్కడ గంటం దొర, మల్లు దొర అంటే తెల్లోని మీద తుపాకి పట్టినోళ్లు. కొండెక్కంగనే ఒక్క మాట ఇంత మారింది. యుద్ధం మీద నవల రాసేటోడు ముందుగాల పట్టుకోవాల్సింది ఇట్లాంటివే.

1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం ఈ ఊరి ఠాణా మీద పడ్డది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్ల 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు. ఇది మీకు మేము చెప్పేదేముంది? 1974ల వచ్చిన కృష్ణ సినిమా కూడ ఇక్కడే తీసిండ్రు. సినిమా ఒక్క వీరుని చుట్టు తిరిగింది. అది సినిమా ధర్మం, తప్పు పట్టం. కని యుద్ధం ఒక్కనితోని అయితదా?

దామనపల్లి ఘాటు సంగతి చూడుండ్రి. 1922 సెప్టెంబర్ 24. ముందు నడుస్తున్న దేశీ పోలీసులను దళం పోనిచ్చింది. వెనకొచ్చిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చింది. ముందు పోయిన ఆ పోలీసుకు వెనక తుపాకి పేలిన సప్పుడు ఇనపడ్డది. తనను ఎందుకు ఇడిసిపెట్టిండ్రో ఆ క్షణాన సమజయ్యిందా? తెల్లారి మళ్ల ఎట్ల యూనిఫాం తొడిగిండు? మాకైతే నవల ఆడ మొదలైతది.

ఆ తర్వాత సర్కారు ఎవర్ని దించింది? 1921 మాప్పిళ్ల తిరుగుబాటు కాలాన పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసును. వాళ్లతోని కాకపోతే 1924ల అస్సాం రైఫిల్స్‌ను. ఇంకో కొండల కాడి నించి వచ్చిన సిపాయి ఈ కొండలెక్కిండు. గీ అడవి వానికి పరాయిదా, తన ఊరి అడవి లెక్కనే కొట్టిందా? ఆ సిపాయి కథ ఏ భాషల కూడ మేము చదవలే.

అసలు మంట ఠాణా కాడ పుట్టలే. 1882 అటవీ చట్టం పోడు మీద పడ్డది. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ లంబసింగి రోడ్డు పనికి జనాన్ని తోలి కూలి కాడ కడుపు కొట్టిండు. రోడ్డు పడితే పోలీసుల బండి వస్తదని తెలిసీ రాళ్లు మోసినోని మనసెట్లుంటది?

రాజును 1924 మే 7న చంపిండ్రు. కథ ఆడికే ఆపుతరు అందరు. మల్లు దొర జైలు చూసి వచ్చి 1952ల విశాఖ నించి పార్లమెంటుకు పోయిండు. ఆ ముప్పై ఏండ్లు ఎవరి నవలల ఉన్నయి?

జోడెన్‌ఘాట్ల 1940ల అమరుడైన కొమురం భీం మీద సాహు, అల్లం రాజయ్య నవల రాసిండ్రు. మీ ఇండ్లల్ల తాతలు చెప్పిన మాటలుంటయి. పోలీసు మూటలు మోసినోళ్లవి, ఊరంతటి మీద పడ్డ జరిమానా కట్టినోళ్లవి, భయపడి నోరు మూసుకున్నోళ్లవి సుత. పిలువుండ్రి, మేము మళ్ల వస్తం. మీరు చెప్పుండ్రి, రాసుకుంటం.