పిల్లల చదువు కథ: ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, వసూళ్ళ లెక్కలు ఇప్పటికే చదివి వినిపించారు. మేము ఇంకో పని గురించి చెప్తాం. మా గ్రూపు సభ్యులం కొందరం పిల్లల చదువు కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు బస్తీ కథలు సేకరించి రాసిస్తున్నాం. ఆఫీసులో దీన్ని కంటెంట్ స్ట్రాటజీ అంటారు. మొదటిరోజు ఆ మాట విని మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పనిలో దిగాక తెలిసింది, ఏ మాట, ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో చేరాలో ముందే అనుకోవడమే అది. బ్యాంకు మేనేజరు దగ్గర అప్పు సంగతి ఒక తీరుగా చెప్తాం, ఇంట్లో ఆయనకు ఇంకో తీరుగా చెప్తాం కదా! ఆ తెలివి మనకు కొత్త కాదు.

కథలతో ఏమైతది అని కొందరు అడుగుతారు. నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి గుర్తు చేస్తాం. 1990ల మొదట్లో అక్కడ ఆడవాళ్ళు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంటున్నారు. వాళ్ళ పాఠాల్లో సారా బాధల మీద సీతమ్మ కథ ఉండేది. అది చదివి, మాట్లాడుకుని, ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. రోసమ్మ లాంటి ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఒక్క పాఠంతోనే అంతా అయిందని మేము అనం. కానీ తమ బతుకును పుస్తకంలో చూసుకున్నాక వాళ్ళు కలిసి కూర్చున్నారు, కలిసి నడిచారు.

రెండో సంగతి మన సికింద్రాబాద్‌దే. మారేడ్‌పల్లిలో ఆఫీసున్న ఎం.వి. ఫౌండేషన్ 1981లో మొదలైంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో పిల్లల్ని పని నుంచి బడికి తెచ్చే పని పెట్టుకుంది. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పెద్ద పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, వయసుకు తగిన తరగతిలో కలిపారు. "బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే" అన్నది వాళ్ళ ముఖ్య సూత్రాల్లో ఒకటి. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్న పిల్లది కూడా పనే అని ఆ మాటతో తెలుస్తుంది. పేదోళ్ళకు చదువు మీద ఆశ లేదన్న మాటను వాళ్ళు ఒప్పుకోలేదు. ఆశ ఉంది, దారి తెలియక ఆగిపోతున్నారు అన్నారు.

మా పనికి కూడా అదే ఆధారం. తల్లికి చెప్పే కథలో దారి ఉండాలి. "పాపం, బీదపిల్ల" అని రాస్తే వినేవాళ్ళు అయ్యో అంటారు, లేచి పోతారు. అడ్డం ఏమొచ్చింది, ఎవరి దగ్గరికి పోయారు, ఏ కాగితం అడిగారు, ఏం చెప్తే పని అయింది అని చెప్తే ఇంకో తల్లి కదులుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాం. జిల్లా నుంచి వలస వచ్చిన ఒక కుటుంబంలో పదకొండేళ్ళ పాప టీసీ లేదని ఇంట్లోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు టీసీ ఆలస్యమైందని, వయసు కాగితం లేదని సర్కారు బడిలో సీటు కాదనకూడదు. మధ్యలో చదువు ఆగినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడింది నేర్పించాలి. ఆ తల్లి ఈ మాట చెప్పి పాపను చేర్పించింది. ఎలా చేర్పించిందో ఆమె గొంతుతోనే ఒక నిమిషం రికార్డు చేసి, పేర్లు లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. మూడో రోజు ఇంకో బస్తీ నుంచి ఫోన్: "అక్కా, మా పిల్లకు గూడ టీసీ లేదు, తీసుకుంటరా?" చదవడం రాని తల్లికి కరపత్రం కంటే పక్కింటామె గొంతు మేలు.

సమయం కూడా చూసుకోవాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు, దసరా, సంక్రాంతి సెలవులు అయిపోయే ముందు కథలు పంపుతున్నాం. సెలవులకు ఊరికి పోయిన పిల్లలు కొందరు అక్కడే ఆగిపోతారు కాబట్టి.

ఇక కష్టమైన మాట. ఏడుస్తున్న పిల్ల ఫోటో ఉంటే విరాళాలు ఎక్కువ వస్తాయని చెప్పేవాళ్ళున్నారు. మేము ఆ ఫోటో ఇవ్వం. ఆ పిల్ల రేపు పదో తరగతి చదువుతుంది, ఉద్యోగానికి పోతుంది, సంబంధాలు చూస్తారు. ఫోటో మాత్రం ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటూనే ఉంటుంది. ఇది మర్యాద మాటే కాదు, చట్టం మాట కూడా. పని నుంచి విడిపించిన పిల్లల కేసుల్లో పేరు, చిరునామా, బడి, ఫోటో బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

అబద్ధపు ముగింపు కూడా రాయం. మెకానిక్ షెడ్డులో పనిచేసే పదిహేనేళ్ళ పిలగాడి దగ్గరికి నాలుగుసార్లు పోయాం. ఇంకా రాలేదు. ఆ వయసుకు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టొచ్చని వాళ్ళ అమ్మకు చెప్పి వచ్చాం. "ఇంకా రాలేదు" అనే రాశాం. గెలిచినవే రాస్తే, ఓడిపోయిన తల్లి తనొక్కతే చేతకానిదనుకుంటుంది.

అందుకే సమాఖ్యను మూడు తీర్మానాలు కోరుతున్నాం. ఒకటి, నెలవారీ మీటింగులో వసూళ్ళ తర్వాత బడికి పోని పిల్లల సంగతి ఒక అంశంగా పెట్టాలి. రెండు, ప్రతి బస్తీ నుంచి మూడు నెలలకొకసారి ఒక తల్లి గొంతులో ఒక కథ రావాలి. మూడు, ఏ కథైనా ముందు ఆ తల్లికి, బిడ్డకు చదివి వినిపించి, వాళ్ళు సరే అంటేనే బయటికి పోవాలి. వద్దంటే అక్కడితో ఆపాలి.

పొదుపు పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వచ్చినా మనం ఊరుకోం. మన పిల్లల గురించి ఎవరు ఏం రాస్తున్నారో కూడా అట్లాగే లెక్క చూసుకుందాం.