సున్నపురాయి తీర్చిన బాకీ

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో రసాయనశాస్త్రం చెప్పి కాలం చేసిన అధ్యాపకుల జ్ఞాపకార్థం జరుగుతున్న సభ ఇది. వాళ్లు ఏటా ఓపిగ్గా విడమరిచి చెప్పిన పాఠాన్నే ఉపన్యాసానికి ఎంచుకోవడం సబబు. ఇంటర్ పిల్లల్ని తికమకపెట్టే వేడి, పని, ఎంథాల్పీ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. ఆ చరిత్రకు సాక్ష్యాలు ఈ జిల్లాలోనే ఉన్నాయి.

మొదటిది ఆళ్లగడ్డలో. శిల్పి సుత్తితో కొడుతుంటే ఉలి మొన వేడెక్కుతుంది. కింద మంట, పైన ఎండ లేకపోయినా సరే. రాతిని కోసే రంపపు బిళ్ల మీద నీళ్లు పోయడానికీ ఈ వేడే ఒక కారణం. మ్యూనిచ్‌లో ఫిరంగులు తొలిపిస్తున్న కౌంట్ రంఫర్డ్ కూడా ఇదే గమనించాడు. ఫిరంగి లోహాన్ని నీళ్లలో ఉంచి, మొద్దు బరమాకు ఒరుసుకునేలా గుర్రాలతో తిప్పిస్తే, సుమారు రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగాయి. వేడి అనేది వస్తువుల్లో దాగిన ద్రవమని పండితులు నమ్ముతున్న రోజుల్లో, 1798లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. యుద్ధ సామగ్రి కార్ఖానాలో ఇంత మంచి శాస్త్రం పుట్టడం వింతే! 1840లలో జేమ్స్ జౌల్ నీళ్లలో తెడ్లు తిప్పి ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. కేలరీకి 4.18 జౌళ్లని ఇవాళ పిల్లలు వల్లె వేసే అంకెకు మూలం అక్కడుంది.

రెండో సాక్ష్యం సున్నపురాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నేలలో ఇది పుష్కలం. 1950ల్లో మొదలైన పాణ్యం సిమెంట్స్ నుంచి ఇప్పటి ఫ్యాక్టరీల దాకా అన్నీ దీన్ని నమ్ముకున్నవే. రాయిని కాలిస్తే బరువు ఎందుకు తగ్గుతుందో 1756లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ తేల్చాడు: అందులోంచి ఒక వాయువు వెళ్లిపోతోంది. మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాన్నే.

ఇక లెక్క. స్వచ్ఛమైన సున్నపురాయి ఒక కిలో అంటే 10 మోల్‌లు. మోల్‌కు 178 కిలోజౌళ్ల చొప్పున బట్టీ దానికి 1,780 కిలోజౌళ్లు ఇవ్వాలి. 440 గ్రాముల వాయువు పోయి 560 గ్రాముల కాల్చిన సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే కుతకుతలాడుతుంది. మోల్‌కు 65 చొప్పున 650 కిలోజౌళ్లు బయటికొస్తాయి. రెండు లీటర్ల నీటిని మరుగు దాకా తీసుకెళ్లడానికి ఆ వేడి చాలు. మరి తక్కిన 1,130 ఏమైనట్టు?

ఆ సున్నం గోడకెక్కాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. అప్పుడు మోల్‌కు 113 కిలోజౌళ్లు వెలువడతాయి. చాలా నిదానంగా జరుగుతుంది కాబట్టి చేతికి తెలియదు. 65కు 113 కలిపితే 178. బట్టీ దగ్గర చేసిన బాకీ రెండు వాయిదాల్లో పైసాతో సహా తీరింది! దారి ఏదైనా మొత్తం వేడి మారదని 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జెర్మైన్ హెస్ చెప్పింది ఇదే. పాఠ్యపుస్తకాల్లోని గ్రాఫైటును మండించే ఉదాహరణకన్నా మన పిల్లలకు ఇది దగ్గరిది.

పని కూడా ఈ లెక్కలోనే ఉంది. రాయిలోంచి వచ్చే వాయువు చోటు కోసం చుట్టూ ఉన్న గాలిని నెట్టాలి. 25 డిగ్రీల దగ్గర లెక్కిస్తే అందుకు మోల్‌కు సుమారు 2.5 కిలోజౌళ్లు ఖర్చు. కనుక 178లో అంతర్గత శక్తిగా చేరేది 175.5 మాత్రమే. స్థిర పీడనంలో ఈ రెంటినీ కలిపి చూపే రాశి ఎంథాల్పీ. ఈ పేరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది, లీడెన్‌లో కామెర్లింగ్ ఓన్స్ పెట్టింది.

పిల్లలు తప్పేది ఎక్కువగా ప్లస్సు, మైనస్సుల దగ్గర. అందులో వాళ్ల తప్పు కొంతే. ఎన్‌సీఈఆర్‌టీ భౌతికశాస్త్ర పుస్తకంలో పని అంటే వ్యవస్థ చేసినది. రసాయనశాస్త్ర పుస్తకంలో వ్యవస్థ మీద జరిగినది. రెండూ సరైనవే, కానీ ఒకే సంచిలో ఉంటాయి. అందుచేత ఈ సభలోని అధ్యాపకులకు ఒక విన్నపం: మొదటి లెక్క చేయించే ముందు ఆ రెండు పుస్తకాల సమీకరణాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, పని ఎవరు ఎవరి మీద చేస్తున్నారో పిల్లల చేతే చెప్పించండి.