రాజ్యసభకు రానున్న ఎన్నిక – యానాము మాట
(యానాములో మన సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



పుదుచ్చేరికి రాజ్యసభలో గలది ఒకే స్థానము. ప్రస్తుత సభ్యుని పదవీకాలము 2027 అక్టోబరు మాసమున ముగియనున్నది. ఆ స్థానమునకు ఎన్నిక రానున్నది. ‘ఇది శాసనసభ్యుల వ్యవహారము గదా, మనకేమి పని?’ యని మీలో కొందరు తలపవచ్చును. పని గలదని మనవి చేయుటకే నేను లేచితిని.

నిజమే, ఈ ఎన్నికలో మీరును నేనును ఓటు వేయము. ప్రజలెన్నుకొనిన 30 మంది శాసనసభ్యులే ఓటర్లు. కేంద్రము నామినేటు చేయువారికి ఇందులో ఓటు లేదు. ఆ 30 స్థానములలో పుదుచ్చేరికి 23, కారైకాలునకు 5, మాహేకు 1, యానామునకు 1. అందరును ఓటు వేసినచో గెలుపునకు 16 చాలును. కావున యానాము మాట అడుగకయే ఫలితము తేలిపోవచ్చును. అభ్యర్థి యొక్కడే నిలిచెనా, ఓటింగే యుండదు. 2021లో జరిగినది అదియే. 2003 నాటి చట్ట సవరణ వలన ఈ ఓటు రహస్యమును కాదు. పార్టీ సభ్యుడు తన ఓటును పార్టీ ఏజెంటునకు చూపవలెను. అభ్యర్థి ఈ ప్రాంతపు ఓటరు కానక్కరలేదనుటయు ఆ సవరణయే. గోదావరిని కన్నులార చూడనివాడును మన ప్రతినిధి కావచ్చునన్నమాట. అట్టివాడు అసమర్థుడని నేననను. కాని ఆయనకు మన సంగతి ఎవరో ఒకరు చెప్పవలెను గదా!

ఏ సంగతి యందురా? 2022 జూలైలో గోదావరి పొంగినపుడు మన వీధులలో నీరు నిలిచిన సంగతి మీరెరుగుదురు. ఎగువ గట్లు ఆంధ్రప్రదేశమువి. ధవళేశ్వరము ఆనకట్ట వారి చేతిలోనిది. మన ప్రభుత్వ పీఠమో దారిన 800 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. ఏరు ఒక్కటే, ప్రభుత్వములు రెండు. ఆ రెంటిని కూర్చుండబెట్టగలది కేంద్రము. కేంద్రమును సభలో నిలదీసి యడుగుటకు మనకు గలవారు ఇద్దరే, లోకసభలో ఒకరు, రాజ్యసభలో ఒకరు. లోకసభకు నిలుచువాడు ఓట్ల కొరకైనను ఒకసారి మన వీధిలో నడువవలెను. రాజ్యసభకు పోవువానికి ఆ శ్రమయు లేదు.

ఇక మనకు మిగిలినది మన శాసనసభ్యుని అడుగుట. పార్టీ నిర్ణయమును ఆయన మన్నించినచో, దానికి మనము నొచ్చుకొనరాదు. అయితే నిర్ణయము కాకమునుపు నోరు విప్పుటకు ఏ చట్టమును అడ్డు రాదు. అభ్యర్థి పేరు వెలువడిన పిమ్మట పోయి దండలు వేయుట మనకు అలవాటు. ఈ పర్యాయము ముందుగా పోవుదము. సంఘము తరఫున తెలుగులోనే ఒక లేఖ వ్రాయవలెనని నా ప్రతిపాదన. అభ్యర్థి యెవరైనను నామినేషనుకు ముందే రెండు ప్రశ్నలకు వ్రాతమూలముగా బదులీయవలెను: ఏడాదికొకసారి యానామునకు వచ్చునా? వరద గట్ల ప్రశ్నను రాజ్యసభలో లేవనెత్తునా? లేఖ ముసాయిదా కార్యదర్శిగారి వద్ద నుంచితిని. చదివి, మార్పులు సూచించి, సంతకములు చేయ ప్రార్థన.