చెవుడు ఒక్కటి కాదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెవిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. భోజనాలకు ముందు మాట్లాడేవారికి అంతకు మించి ఇవ్వడం న్యాయమూ కాదు. కాబట్టి చెవి జబ్బులన్నిటినీ ఏకరువు పెట్టము. ఒక్క సంగతి మాత్రం మీకు పట్టించి పోదామని వచ్చాము. చెవుడు అనేది ఒకే జబ్బు కాదు. అందులో ముఖ్యంగా రెండు రకాలున్నవి. ఏ రకమో తేలకముందు చుక్కల మందు కొన్నా దండగే, మిషను కొన్నా దండగే.

మన ఇళ్లల్లో వినపడనివాడికి పేర్లు తొందరగా పెడతాము. మూడుసార్లు పిలిచినా పలకని పిల్లవాడు మొండివాడు. దాదాజీ సంగతి వస్తే, "ఆయనకు కావలసినవే వినపడతాయి, అక్కరలేనివి వినపడవు" అని నవ్వుకుంటాము. ఈ రెండో మాటలో కొంత నిజం ఉన్నది గాని, అనేవాళ్లు అనుకునే నిజం కాదు. ఆ విషయానికి తరువాత వస్తాము.

ముందు చెవి కట్టుబడి చూడండి. బయటి డొప్ప, దాని వెంట లోపలికి పోయే సుమారు అంగుళం దారి, ఆ దారి చివర పల్చని కాగితం వంటి పొర. అదే కర్ణభేరి. దాని వెనుక గాలి నిండిన చిన్న గది. గదిలో ఒకదానికొకటి తగులుకొని మూడు ఎముకలు: ఒకటి సుత్తి, ఒకటి దాగలి, మూడోది గుర్రపు రికాబు వలె ఉంటాయి. ఈ రికాబు ఎముక పొడవు మూడు మిల్లీమీటర్లు. మనిషి ఒంట్లో దీనికన్న చిన్న ఎముక లేదు. ఆ గదినుంచి ముక్కు వెనుకకు ఒక సన్నని గొట్టం పోతుంది. ఇంకా లోపల నత్తగుల్ల వలె రెండున్నర చుట్లు చుట్టుకొన్న అవయవం, దానిలో నీరు, నీటిలో వేలకొద్దీ రోమకణాలు. రికాబు తట్టితే నీరు కదులుతుంది, రోమాలు వంగుతాయి, నరం మెదడుకు వార్త పంపుతుంది. నత్తగుల్ల మొదట్లోని కణాలు కీచు శబ్దాలను, కొసన ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. ఈ అల నడక చూపినందుకే హంగరీలో పుట్టిన బెకెషీకి 1961లో నోబెల్ బహుమానం వచ్చింది.

డొప్ప మొదలు రికాబు దాకా ఎక్కడ అడ్డు పడినా అది దారి చెడిన చెవుడు. నత్తగుల్లలోగాని, నరంలోగాని చెడితే అది నరాల చెవుడు. రెండూ కలిసి రావడమూ ఉన్నది. మొదటిదానిలో చాలా భాగం బాగుచేయవచ్చు. రెండోదానిలో పోయిన రోమకణం మనిషికి తిరిగి మొలవదు, కాబట్టి ఉన్నదానికి ఊతం ఇవ్వాలి.

ఈ రెంటినీ వేరుచేయడానికి మొదట పెద్ద యంత్రం అక్కరలేదు. మా చేతిలో ఉన్న ఈ రెండు కొమ్ముల శృతిదండం చాలు. కొడితే సెకనుకు 512 సార్లు ఊగుతుంది. మ్రోగించి దీని కాడను చెవి వెనుక బొడిపె ఎముక మీద ఆనిస్తాము. శబ్దం ఆగిందని మీరు అనగానే కొమ్ములను చెవి ముందుకు తెస్తాము. మంచి చెవికి ఇంకా వినపడుతుంది, ఎందుకంటే గాలి దారి ఎముక దారికన్న మేలు. దారి చెడిన చెవికి ముందు వినపడదు, ఎముక మీదనే బాగా వినపడుతుంది. నరం చెడిన చెవికి రెండు చోట్లా తగ్గుతుంది గాని గాలి దారే మేలుగా ఉంటుంది. జర్మన్ వైద్యుడు రిన్నె 1855లో చెప్పిన పరీక్ష ఇది. ఒక మోసం మాత్రం ఉన్నది. ఒక చెవి బొత్తిగా పోయినవారికి, ఆ వైపు ఎముక మీద పెట్టిన శబ్దం అవతలి మంచి చెవి వింటుంది. అందుచేత ఆడియోగ్రామ్ తీయకుండా మేము చివరి మాట చెప్పము.

దారి చెడడంలో తేలికైనది గులిమి. అది మురికి కాదు, చెవి తన కాపలాకు తయారుచేసుకునే మైనం. దవడ ఆడుతుంటే దానంతట అదే బయటికి వస్తుంది. అగ్గిపుల్ల, పిన్నీసు, ఇప్పటి దూదిపుల్ల దాన్ని లోపలికి నెట్టి దట్టిస్తాయి. కాచిన నూనె సంగతి చెబితే నానీలకు కోపం వస్తుందేమో గాని చెప్పక తప్పదు. పొరకు చిల్లున్న చెవిలో నూనె పోస్తే అది గదిలోకి దిగి చీము పట్టిస్తుంది. చిల్లు లేకున్నా వానాకాలంలో బూజు పడుతుంది. పురుగు దూరినప్పుడు మాత్రం, ఇంతకుముందు ఎన్నడూ కారని చెవి అయితే, గోరువెచ్చని నూనె నాలుగు చుక్కలు వేసి ఆస్పత్రికి రావచ్చు.

పిల్లల చెవులు ఎందుకు కారుతాయి? ముక్కు వెనుక గొట్టం వారికి పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు నేరుగా చెవి గదికి పోతుంది. కొందరికి చీము పట్టి, పొర చిల్లుపడి కారుతుంది. కొందరికి నొప్పీ లేదు, చీమూ లేదు, గదిలో బంక వంటి నీరు నిలిచిపోతుంది. ఈ రెండోవాడే మన మొండివాడు. టీవీ దగ్గరకు పోయి కూర్చుంటాడు. బడిలో వెనుక బల్లమీద ఉంటే ఒక మాట విని రెండు మాటలు పోగొట్టుకుంటాడు. పంతులుగారు పరాకు అంటారు, అబ్బా తంతాడు. ఆ నీరు చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గనివారికి పొరలో చిన్న గొట్టం పెడతారు. తన్నులు తగ్గించే మందు ఇదొక్కటే.

కారే చెవుల్లో కూడా తేడా చూసుకోవాలి. జలుబు చేసినప్పుడల్లా వాసన లేకుండా ధారగా కారే చెవి సాధారణంగా అంత ప్రమాదం కాదు. చెవి పైనున్న కండను కప్పిన పొరనుంచి ముక్క తీసి చిల్లు మూయవచ్చు. కొంచెమే కారుతూ కుళ్లు వాసన వేసే చెవి ఉన్నదే, అది ఎముకను తినే జబ్బు కావచ్చు. మూతి వంకర పోవడానికి, మెదడుకు చీము పాకడానికి దారి అదే. "కొంచెమే కదా" అని ఏళ్లతరబడి దూది పెట్టుకొని తిరిగేవారిని చూస్తూనే ఉన్నాము.

రికాబు ఎముక బిగుసుకుపోయే జబ్బు మరొకటి. వయసులో ఉన్న స్త్రీలలో ఎక్కువ. కాన్పుల వెంట కొందరిలో ముదురుతుంది. 1956లో అమెరికాలో జాన్ షే ఆ ఎముకను తీసి దాని స్థానంలో కృత్రిమ భాగం అమర్చి దారి చూపించాడు. ఈనాడు అది మన పట్టణాల్లో జరిగే ఆపరేషనే. అయినా ఆడపిల్ల చెవి సంగతి సంబంధం కుదిరేదాకా దాచే తల్లిదండ్రులే ఎక్కువ. దాచినన్ని ఏళ్లు ఆ పిల్ల పెదవులు చూసి మాట పట్టుకుంటూ, పిలిస్తే పలకదని మాటలు పడుతూ బతుకుతుంది.

ఇక నరాల చెవుడు. వయసుతో ముందుగా పోయేవి నత్తగుల్ల మొదట్లోని కణాలు, అనగా కీచు శబ్దాలవి. అందుచేత స, ష, చ, త వంటి అక్షరాలు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. చారు అన్నా సారు అన్నా ఆయనకు ఒకటే. కొడుకు బొంగురు గొంతు అందుతుంది, కోడలి సన్నని గొంతు, మనుమరాలి గొంతు అందవు. "కావలసినవే వినపడతాయి" అనే నింద ఇక్కడ పుట్టింది. అరిస్తే ఉపయోగం లేదు. బిగ్గరగా పెరిగేవి మళ్లీ ఆ అచ్చులే. ఎదురుగా కూర్చొని, ముఖం కనపడేటట్లు, నిదానంగా చెప్పాలి. మిషను పెట్టిన మొదటి వారంలోనే పెట్టెలో పెట్టేయకూడదు. అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

చప్పుడు కూడా అవే కణాలను తింటుంది. 85 డెసిబెల్ చప్పుడులో ఎనిమిది గంటలు హద్దు అంటారు. ప్రతి మూడు డెసిబెల్‌కు ఆ కాలం సగం తగ్గాలి. మరమగ్గాలు, బియ్యం మిల్లులు, రేకులు కొట్టే షెడ్లలో పనిచేసేవారు చెవులకు అడ్డు పెట్టుకోవాలి. బారాత్‌లో స్పీకరు పక్కన చంటిపిల్లను ఎత్తుకొని నిలబడే ముచ్చట కూడా మానాలి.

క్షయకు ఒకప్పుడు నెలలతరబడి వేసిన స్ట్రెప్టోమైసిన్, ఆ కుటుంబానికే చెందిన జెంటామైసిన్, అమికాసిన్ ఇంజక్షన్లు ప్రాణం కాపాడతాయి, కొందరిలో వినికిడి తీస్తాయి. ఈ సున్నితం కొన్ని ఇళ్లల్లో తల్లివైపునుంచి వస్తుంది. అమ్మీకో, ఖాలాకో, మామూకో సూదిమందు తరువాత చెవులు పోయి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. గవదబిళ్లలు ఒక చెవిని, మెదడు పొరల వాపు రెండు చెవులను తీయవచ్చు. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ చెవిటిగా పుట్టవచ్చు. తట్టు–రుబెల్లా టీకా 2017లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదలైంది, వేయించండి.

దగ్గర సంబంధాల మాట ఈ సభలో దాటవేయడం మాకు ఇష్టం లేదు. ఇది మన ఇళ్లల్లోనే కాదు, ఇరుగుపొరుగు హిందువుల మేనరికాల్లోనూ ఉన్నదే. చెవుడు తెచ్చే జన్యులోపాల్లో చాలా వాటిని తల్లిదండ్రులు ఇద్దరూ బాగా వింటూనే మోయవచ్చు. ఇద్దరిలోనూ అదే లోపం ఒక్కొక్క పాలు ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం. ఒకే తాత సంతానంలో అదే లోపం ఇద్దరి దగ్గరా ఉండడం సులువు. వీటిలో ముఖ్యమైన కనెక్సిన్ 26 జన్యువు 1997లో దొరికింది, రక్తపరీక్షతో తెలుస్తుంది. కుదిరిన సంబంధాలు చెడగొట్టడానికి మేము రాలేదు. ఇంట్లో ఇప్పటికే పుట్టుచెవుడు బిడ్డ ఉంటే మాత్రం, నిఖా మాటకు ముందు జన్యు సలహా తీసుకోండి.

పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ చెప్పడం మన ఇంటి ఆచారం. ఆ చెవికి అది అందిందా లేదా చూసే పరీక్ష నిద్రపోయే బిడ్డకు నొప్పి లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నెల లోపల పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు సాయం అందాలని లెక్క. నెలలు నిండక పుట్టినవారికి, పుట్టగానే ఏడవనివారికి, పచ్చకామెర్లు ముదిరినవారికి తప్పనిసరి. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అని మూడేళ్లు గడిపితే, మాట నేర్చుకునే మెదడు ఆ మూడేళ్లు ఖాళీగా ఉండిపోతుంది. మిషను చాలని బిడ్డకు నత్తగుల్లలో తీగ అమర్చే ఆపరేషన్ ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దీన్ని పేద పిల్లలకు అందించింది. ఆపరేషన్ తరువాత నెలలతరబడి మాట నేర్పే శిక్షణ లేకపోతే ఆ తీగ వృథా. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసిన మన హైదరాబాదీ నవాబ్ అలీ యావర్ జంగ్ పేరున 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు సికిందరాబాద్ మనోవికాస్‌నగర్‌లో శాఖ ఉన్నది. పరీక్షలు, శిక్షణ అక్కడ దొరుకుతాయి. కోఠీ ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆస్పత్రి మీ అందరికీ తెలిసినదే.

ఒక అత్యవసరం చెప్పి ముగిస్తాము. రాత్రి బాగా విని పడుకున్నవారికి తెల్లవారి ఒక చెవి వినపడకపోతే, గులిమి అనుకొని వారం ఆగకండి. నరానికి దెబ్బ అయితే మొదటి రోజుల్లో మొదలుపెట్టిన మందుకే ఫలితం ఎక్కువ.

భోజనాల తరువాత ఒక గంటసేపు శృతిదండంతో ఇక్కడే ఉంటాము. చూపించుకోదలచినవారు పాత చీటీలు, వేసిన ఇంజక్షన్ల పేర్లు వెంట తెండి. చెవిలో ఏమీ పోసుకోకుండా రండి.