పిల్లల ఫిట్‌నెస్ రిపోర్టును ఎలా చదవాలి?

(మన ఆలయ సాంస్కృతిక మందిరంలో జరిగిన కుటుంబ ఆరోగ్య సదస్సులో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం. ఆమె టెక్సాస్‌లో ఒక మిడిల్ స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలు.)

భోజనాల వేళ దగ్గర పడుతోంది, కింద పులిహోర వాసన కూడా వస్తోంది. కాబట్టి నాకిచ్చిన ఇరవై నిమిషాల్లోనే ముగిస్తాను.

స్కూలు నుంచి లెక్కల మార్కులు వస్తే మనం అక్షరం అక్షరం చదువుతాం. స్టార్ పరీక్ష ఫలితం వస్తే ఇండియాలో ఉన్న తాతగారికి కూడా ఫోన్ చేసి చెప్తాం. ఇంకో పరీక్ష కూడా మన పిల్లలు రాస్తున్నారు. రాయడం అంటే కాళ్ళతో, చేతులతో, ఊపిరితో. దాని పేరు ఫిట్‌నెస్‌గ్రామ్. టెక్సాస్‌లో 2007లో వచ్చిన చట్టం ప్రకారం 3వ తరగతి నుంచి 12వ తరగతి వరకు వ్యాయామ తరగతుల్లో ఉన్న పిల్లలకు దీన్ని పెడతారు. స్కూలు దానంతట అది ఫలితం పంపకపోయినా, తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే సంవత్సరం చివర ఇస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో ఒకసారి చెయ్యెత్తండి... చూశారుగా! అందుకే ఈ రోజు దీని గురించి మాట్లాడదామనుకున్నాను.

ముందు రెండు మాటలు చరిత్ర. హాన్స్ క్రాస్, సోన్యా వెబర్ అనే ఇద్దరు వైద్యులు ఆరు చిన్న కదలికలతో ఒక పరీక్ష తయారు చేశారు. పడుకుని లేవడం, కాళ్ళు ఎత్తి ఉంచడం, వంగి నేలను తాకడం, అలాంటివి. 1950లలో అమెరికా పిల్లల్లో సగానికి పైగా కనీసం ఒక్కదానిలోనైనా తప్పారు. యూరప్ పిల్లల్లో తప్పినవాళ్ళు పదిశాతం కూడా లేరు. ఆ వార్త అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాకా వెళ్ళింది. 1956లో ఆయన పిల్లల ఫిట్‌నెస్ కోసం ఒక మండలి ఏర్పాటు చేశారు. 1966లో అధ్యక్షుడు జాన్సన్ కాలంలో ప్రెసిడెన్షియల్ ఫిట్‌నెస్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు కావాలంటే ప్రతి అంశంలోనూ తన వయసు పిల్లలు నూరుమందిలో 85 మంది కంటే ముందుండాలి. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళకు గుర్తుంటుంది, తాడు ఎక్కలేక, పుల్-అప్ ఒక్కటీ తియ్యలేక క్లాసంతా చూస్తుండగా నిలబడిపోయిన రోజు.

అలా పోటీ పెడితే ముందున్న పిల్లలకు పతకం వస్తుంది, వెనకున్న పిల్లలకు సిగ్గు మిగులుతుంది. అందుకే 2012-13 ప్రాంతంలో ఆ పద్ధతి పక్కన పెట్టి, ఫిట్‌నెస్‌గ్రామ్‌ను వాడడం మొదలుపెట్టారు. 2025 జూలై చివర్లో పాత ప్రెసిడెన్షియల్ పరీక్షను మళ్ళీ తేవాలని అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. కాబట్టి రాబోయే రోజుల్లో మన పిల్లలు రెండు రకాల మాటలూ వింటారు. తేడా మనకు తెలిసి ఉండడం మంచిది.

ఫిట్‌నెస్‌గ్రామ్ పుట్టింది మన డల్లాస్‌లోనే. 1982లో కూపర్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని తయారు చేసింది. ఏరోబిక్స్ అనే మాటను ఇంటింటికీ తెచ్చిన డాక్టర్ కెన్నెత్ కూపర్ స్థాపించిన సంస్థ అది. ఇందులో పక్క పిల్లవాడితో పోలిక లేదు. ఆ వయసుకు, ఆడపిల్లకైతే ఎంత, మగపిల్లవాడికైతే ఎంత ఉంటే ఆరోగ్యానికి చాలునో ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటితే ‘హెల్తీ ఫిట్‌నెస్ జోన్’ అని వస్తుంది. దాటకపోతే ‘మెరుగుపడాలి’ అని వస్తుంది. క్లాసులో అందరూ దాటవచ్చు. ఫస్టు ర్యాంకు అనేది ఇందులో లేనే లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫిట్‌నెస్ అంటే ఒక్కటే గుణం కాదు. ఆరోగ్యానికి సంబంధించినవి అయిదు ఉన్నాయి.

మొదటిది దమ్ము. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి ఎంతసేపు పనిచేయగలవన్నది. దీన్ని చూడడానికి పేసర్ పరీక్ష పెడతాం. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు. బీప్ మోగేలోపు అవతలి గీత చేరాలి, మళ్ళీ బీప్‌కు ఇవతలికి రావాలి. మొదట్లో నడకకు కాస్త పైవేగం చాలు. ప్రతి నిమిషానికీ బీపులు దగ్గరపడతాయి. ఒకసారి గీత అందకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగొచ్చు. రెండోసారి అందకపోతే ఆ పిల్లవాడికి పరీక్ష అయిపోయినట్టే. ఎన్నిసార్లు తిరిగాడో దాన్నిబట్టి, అతని శరీరం కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో లెక్క కడతారు.

రెండోది కండబలం, మూడోది కండరాల ఓర్పు. ఒక్కసారి ఎంత బరువు లేపగలం అన్నది బలం. అదే పని ఎన్నిసార్లు చేయగలం అన్నది ఓర్పు. స్కూల్లో ఈ రెండూ కలిపి పుష్-అప్, కర్ల్-అప్‌లతో చూస్తాం. రెండింటికీ టేపులో తాళం ఉంటుంది, మూడు సెకన్లకు ఒకటి. తొందరపడి గబగబా తీస్తే లెక్కకు రావు. బోర్లా పడుకుని గడ్డం పైకెత్తే పరీక్ష ఇంకోటి ఉంది, అది వీపు కండరాలకు. అందులో 12 అంగుళాలకు మించి ఎత్తినా లెక్కించం. ఎందుకంటే నడుము మరీ విరిచేస్తే దెబ్బ.

నాలుగోది ఒళ్ళు వంగడం, సాగడం. ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, పెట్టె మీద చేతులు ముందుకు చాపుతారు. తర్వాత రెండో కాలు.

అయిదోది శరీరంలో కొవ్వు పాలు ఎంత అన్నది. చర్మం మడత కొలుస్తారు, లేదా ఎత్తు, బరువుల నుంచి బీఎంఐ లెక్కిస్తారు.

వేగం, చురుకుదనం, తూకం తప్పకుండా నిలబడడం, చేతికి కంటికి పొందిక, ఇవన్నీ వేరు. అవి ఆటలకు కావలసిన నైపుణ్యాలు. బంతి పట్టలేని పిల్లవాడు కూడా ఈ అయిదింటిలో చక్కగా ఉండొచ్చు. ‘మావాడికి ఆటలు రావు’ అని మీరు ఆశలు వదులుకోనక్కరలేదు.

ఈ అయిదింటినీ విడివిడిగా ఎందుకు చదవాలో మన ఇళ్ళ ఉదాహరణే చెప్తాను. మనలో చాలామందికి ఒక నమ్మకం: సన్నగా ఉంటే ఫిట్‌గా ఉన్నట్టే. నేను ప్రతి ఏడాదీ చూసే దృశ్యం వేరు. బీఎంఐ గీత లోపలే ఉన్న సన్నపాటి పిల్లలు పేసర్‌లో మూడు నాలుగు నిమిషాలకే ఆయాసపడుతూ పక్కకు వచ్చేస్తారు. కాస్త బొద్దుగా ఉండి, రోజూ ఈత కొట్టే అమ్మాయి వాళ్ళకంటే చాలాసేపు పరుగెత్తుతుంది. మొదటి పిల్లవాడి రిపోర్టు ఇంట్లో ఎవరూ అడగరు. రెండో అమ్మాయిని మాత్రం గుడికి వచ్చినప్పుడల్లా ‘ఏమ్మా, ఇంకా లావయ్యావే’ అని ఒకరిద్దరు పలకరిస్తారు.

దీనిలో మన జాతి సంగతి కూడా ఉంది. దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగరు త్వరగా వస్తుంది. అందుకే ఇక్కడి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మిగతా పెద్దవాళ్ళకు బీఎంఐ 25 నుంచి షుగరు పరీక్ష చేయించుకోమంటే, ఆసియా మూలాలున్న పెద్దవాళ్ళకు 23 నుంచే చేయించుకోమంటుంది. ఆ అంకె పిల్లలకు వర్తించదు, వాళ్ళ బీఎంఐని వయసును బట్టి చూడాలి. కానీ అందులోని హెచ్చరిక మన ఇంటికే. తాతకు బైపాస్ అయి, నాన్నకు నలభై దాటకుండా షుగరు వచ్చిన ఇంట్లో, సన్నగా ఉన్నాడు కదా అని పిల్లవాడి దమ్ము సంగతి వదిలెయ్యకూడదు. నన్నడిగితే రిపోర్టు చేతికి రాగానే మొదట చూడవలసిన గడి అదే.

మరి ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కదలాలని చెప్తోంది. వారంలో కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని ఉండాలి. మన పిల్లల షెడ్యూలు చూడండి. సోమవారం లెక్కల క్లాసు, మంగళవారం వీణ, బుధవారం కోడింగ్. శనివారం గంట కూచిపూడి. కూచిపూడి మంచి వ్యాయామమే. అరమండిలో కూర్చుని అడవులు వేస్తే తొడలకు వచ్చే ఓర్పు జిమ్ముకు తీసిపోదు. కాని వారానికి ఒక్క గంటే కదా! ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు సాధన చేస్తే అప్పుడు లెక్కలోకి వస్తుంది. క్రికెట్టూ అంతే. లాంగాన్‌లో నిలబడి బంతి కోసం ఎదురుచూస్తే దమ్ము పెరగదు.

దమ్ముకు ఇలా మొదలుపెట్టండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. పరుగెత్తుతూ చిన్న వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే. పాట పాడగలిగితే ఇంకాస్త పెంచొచ్చు. ఓ రెండు నెలలు విడవకుండా చేస్తే తేడా పిల్లవాడికే తెలుస్తుంది. పుష్-అప్ రాని పిల్లలను నేల మీద పడేసి ‘తియ్యి, తియ్యి’ అనకండి. మొదట గోడకు, తర్వాత వంటింటి గట్టుకు, ఆ తర్వాత మోకాళ్ళ మీద, చివరికి నేల మీద. సూర్యనమస్కారాలు నెమ్మదిగా చేస్తే వంగడం, చేతుల బలం రెండూ వస్తాయి. ఒళ్ళు వేడెక్కాకే సాగదీయాలి. కుదుపు ఇవ్వకుండా ఇరవై సెకన్లు అలా ఉంచాలి.

వేసవికి ఇండియా వెళ్ళినప్పుడు కూడా ఇది ఆపనక్కరలేదు. అక్కడి పిల్లలకూ ఇలాంటి పరీక్షలున్నాయి. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలయ్యాక స్కూళ్ళలో వీటికి ప్రచారం పెరిగింది. 9 ఏళ్ళు దాటినవాళ్ళకు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కర్ల్-అప్, పుష్-అప్, కూర్చుని వంగడం, బీఎంఐ. చిన్నవాళ్ళకు ఒంటికాలి మీద నిలబడడం, చేత్తో పలకలు తట్టడం. విజయవాడలో ఉన్న పెదనాన్న పిల్లలతో, వరంగల్‌లో ఉన్న మేనత్త పిల్లలతో పొద్దున్నే మేడ మీదో, స్కూలు మైదానంలోనో మీవాళ్ళను పంపండి. వీడియో గేముల కంటే ఆ స్నేహం ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఆస్తమా ఉన్న పిల్లల విషయం టీచరుకు ముందే చెప్పండి, ఇన్‌హేలరు అందుబాటులో ఉండాలి. పరుగులో ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయి ఉన్నా, పరీక్షకు ముందు డాక్టరుకు చూపించాలి. ‘పిల్లలకేంటి గుండెజబ్బు’ అని దాచకండి. రెండు, పరీక్ష రోజు ఖాళీ కడుపుతో పంపకండి. ఉపవాసం ఉంటానని పిల్ల మారాం చేసినా ఆ రోజుకు వద్దనండి. మూడు, బరువు గురించి పదిమందిలో మాట్లాడకండి. ఇది ఇంట్లో వాళ్ళకే కాదు, ఇక్కడ కూర్చున్న అత్తయ్యలకూ, పిన్నులకూ, బాబాయిలకూ నా విన్నపం. మనం ప్రేమతోనే అంటాం. కాని పన్నెండేళ్ళ పిల్ల ఆ మాట విని, మర్నాడు వ్యాయామం క్లాసులో కడుపునొప్పి అని చెప్పి బెంచీ మీద కూర్చుంటుంది. భోజనం మానేసే పిల్లలూ ఉన్నారు. మనం అన్న ఒక్క మాటతో పిల్ల ఆటకే దూరమైతే, ఎన్ని పరీక్షలు పెట్టీ లాభం లేదు. పలకరించాలనుకుంటే ‘ఈ వారం ఏం ఆట ఆడావమ్మా?’ అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో చూడండి.

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. ఆదివారం పిల్లల తెలుగు తరగతికి ముందు ఇరవై నిమిషాలు వెనక పచ్చికలో ఆటలకు కేటాయించండి. 20 మీటర్ల గీతలు నేను గీస్తాను, బీప్ టేపు నా దగ్గరే ఉంది. అమ్మానాన్నలు కూడా బూట్లు వేసుకుని రావాలి. ఎవరు ఎన్నిసార్లు తిరిగారో మనం ఎక్కడా రాసిపెట్టం. మూడు నెలల తర్వాత ఎవరికి వారే తమ మొదటి రోజుతో పోల్చుకుందాం.

ఇక భోజనానికి పదండి. మెట్ల మీదుగానే వెళ్దాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు లిఫ్టు వదిలేద్దాం. సెలవు.